ఇవ్వని రీప్లే

శనివారం రాత్రి

పిల్లల రోబో పోటీకి నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. రోబో చెడితే రీప్లే, అంటే మళ్లీ ఆడే అవకాశం, లేదు; మన ఏర్పాట్లలో తప్పుంటే ఇవ్వాలి. పొద్దున్న ఆ రూలు మైకులో చదివింది నేనే.

మధ్యాహ్నం ముఖ్య అతిథి గారికి చెమటలు కారిపోతుంటే, ఫ్యాను పెడదామని చేతికందిన ప్లగ్గు పీకేశాను. అది వైఫై రౌటర్‌ది. వెంటనే మళ్లీ పెట్టాను గానీ, ఆ వైఫై మీద నడుస్తున్న కొయ్యూరు ఆడపిల్లల రోబో అప్పటికే ఆట మధ్యలో ఆగిపోయింది.

"మేడమ్, నెట్టు పోయినట్టుందండి. ఓపాలి సూడండి," అంది వాళ్ల లీడరు రత్నం.

రౌటర్ వంక చూశాను. లైట్లన్నీ వెలుగుతున్నాయి. "బాగానే ఉందమ్మా. రీప్లే లేదు," అన్నాను.

ప్లగ్గు సంగతి అప్పుడు నాకు తట్టలేదని రాసుకుందామనుకున్నాను. తట్టింది. అంతమందిలో, ముఖ్య అతిథి గారి పక్కన కూర్చుని, ఒప్పుకోలేకపోయాను.

రత్నం పక్కపిల్ల మీద విరుచుకుపడింది. "వైరు బిగించవే అని ఎన్నిసార్లు సెప్పాను? ఏటి సేసావు?"

వెళ్లే ముందు ఆ పక్కపిల్ల నా దగ్గరికొచ్చి, "తప్పు నాదేనండి. వచ్చేసారి గట్టిగా బిగించుకొస్తాను," అంది. నేను తల ఊపాను కూడా.

ఫైనల్స్ రేపు పదింటికి. ఈలోగా చెబితే రీప్లే ఇవ్వొచ్చు. వాళ్ల టీచరు నంబరు నా ఫోన్లోనే ఉంది. ఇంత రాత్రివేళ చేస్తే ఏం బాగుంటుంది అనుకుంటున్నాను. ఎనిమిదింటికేమో, భోజనాల వేళ ఏం బాగుంటుంది అనుకున్నాను.