తలుపవతల అక్క

చిట్టీ,

నెలసరి కప్పు లోపలికి వెళ్లడం లేదని మీ నాన్నకి చెప్పుకోలేక నాకు రాశావు, మంచి పని చేశావు. మొదటిసారి నాకూ చుక్కలు కనిపించాయి. అప్పుడు మీ అమ్మే బాత్రూమ్ తలుపవతల నిలబడి నేర్పింది. లాండ్రీలో దుప్పట్లు మడిచిన చెయ్యి కదా, మడతలన్నీ ఆవిడకి కొట్టినపిండి.

చేతులు సబ్బుతో కడుక్కో. కప్పుని తడిపి, అంచుని ఒకవైపు వేలితో లోపలికి నొక్కితే మొగ్గలా సన్నబడుతుంది. అలాగే పట్టుకుని, గొంతుక్కూర్చుని, వెనక నడుము వైపుకి మెల్లగా తొయ్యి. నిటారుగా పైకి కాదు. వదిలితే అదే విచ్చుకుంటుంది. చుట్టూ వేలితో తడిమి చూడు, మడత మిగిలితే కాస్త తిప్పు.

నేను బిగుసుకుపోతే మీ అమ్మ తలుపు కొట్టి, "భుజాలు దించవే, యుద్ధానికేం వెళ్లడం లేదు. ఊపిరి వదులు," అనేది. "అయిందక్కా" అనేదాకా కదిలేది కాదు.

ఇంకో మాట, చెప్పాలా వద్దా అని తెగ ఆలోచించాను. అక్క పోయాక కూడా నెలనెలా ఆ తలుపు చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇల్లు మారితే అదీ నాతోపాటే వచ్చింది. మొదట్లో తలుపు తీసి చూసేదాన్ని, ఎవరూ ఉండేవారు కాదు. తర్వాత తియ్యడం మానేసి, "అయిందక్కా" అనేదాన్ని. ఆగిపోయేది.

ఈ నెల చప్పుడు కాలేదు. నీ ఉత్తరం వచ్చింది.

నీ తలుపు దగ్గర వినిపిస్తే భయపడకు, తలుపు తియ్యకు. పని కానిచ్చి, "అయిందమ్మా" అను. పాపం, అంతదాకా అక్కడే నిలబడి ఉంటుంది.

మీ పిన్ని