గాజు అడుగు పడవ

సోమవారం

ప్రియమైన అక్కకి,

క్షేమంగా చేరాను. లాంచీలో నాకు తప్ప అందరికీ వాంతులు. ఈసారి కంపెనీ వాళ్ళు నా నెత్తిన పెట్టిన ద్వీపం చిన్నదే కానీ పని పెద్దది. ఆరు హోటళ్ళు, రెండు బీచ్‌లు, ఒక అక్వేరియం, కొండ మీదికి రోప్‌వే. అన్నీ చూసి గైడు పుస్తకంలో ఇరవై పేజీలు నింపాలి. మంచాలు కిర్రుమంటున్నాయో లేదో ఎక్కి గెంతి చూడటం కూడా నా ఉద్యోగమే. నవ్వకు.

ఒక తమాషా జరిగింది. నేను దిగింది రేవు పక్కనున్న పాత హోటల్లో. కౌంటర్లో ఒక పెద్దావిడ ఉంది. నా పేరైనా అడక్కుండా తాళంచెవి చేతిలో పెట్టి, "పదకొండో నంబరు. మీకు సముద్రం వైపు కిటికీయే కదా కావాలి" అంది.

"నేను రావడం ఇదే మొదటిసారండీ" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "అలాగే కానివ్వండి" అంది.

మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారంటారుగా. నా వాటాలో ఒకతె ఇక్కడికొచ్చి వెళ్ళినట్టుంది. నాన్నకి మందులు గుర్తుచెయ్యి.

నీ పిచ్చుక

బుధవారం

పిచ్చుకా,

మిషను మీద సగం కుట్టిన గౌను అలాగే వదిలేసి రాస్తున్నాను. కవరు మీద ముద్ర చూసి కాసేపు విప్పలేకపోయాను. ఏ ద్వీపానికి వెళ్తున్నావో బయలుదేరేముందు ఒక్క మాట అని ఉంటే నీ సూట్‌కేస్ దాచేసి ఉండేదాన్ని.

ఆ హోటల్ మారిపో. కొండ మీద ఏవో కొత్తవి కట్టే ఉంటారు, అక్కడికి వెళ్ళు. రోప్‌వే ఎక్కు, చేపలు చూడు, నీ పేజీలు నింపుకో. అడుగున గాజు పలక ఉన్న పడవ మాత్రం ఎక్కకు. ఎవరెంత బతిమాలినా ఎక్కకు. ఎందుకని అడక్కు. కారణం చెప్పకుండా నిన్ను వద్దన్నది ఇన్నేళ్ళలో ఇదొక్కటే.

నాన్నకి నీ ఉత్తరం చూపించలేదు. ఆఫీసు పని మీద వెళ్ళిందని ఊరుకున్నాను. వేళకి తిను.

అక్క

శుక్రవారం

ప్రియమైన అక్కా,

హోటల్ మారలేదు. కోప్పడకు. మారదామనే సర్దుకున్నాను, ఈలోగా మరికొన్ని జరిగాయి.

భోజనాల హాల్లో వడ్డించే ముసలాయన పూటపూటా నా బల్ల మీద రెండు ప్లేట్లు పెడుతున్నాడు. ఎదుటి కుర్చీ ముందు పెట్టేది చిన్నది, పిల్లలు తినేది. ఎత్తు సరిపోవడానికి ఆ కుర్చీలో దిండు కూడా వేస్తున్నాడు. "నేనొక్కదాన్నే కదండీ" అంటే, "అలాగేనమ్మా" అని తీసేశాడు. మరుసటి పూట మళ్ళీ పెట్టాడు. అక్వేరియం దగ్గర టికెట్లిచ్చే ముసలామె నన్ను చూసి, నా వెనక్కి తొంగిచూసి, "పాప ఏదమ్మా?" అంది. ఏ పాప అన్నాను. "మీ చిటికెనవేలు వదిలేది కాదుగా" అంది.

మొదట్లో నవ్వొచ్చింది. ఇప్పుడు రావడం లేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నడుస్తుంటే ఆ ఒక్క వేలూ చల్లబడుతోంది.

నిన్న రేవుకి వెళ్ళాను. గాజు అడుగు పడవ నడిపే ఆయన జనాన్ని కేకేసి పిలుస్తున్నవాడల్లా నన్ను చూడగానే ఆగిపోయాడు. "మిమ్మల్ని ఒకసారి ఎక్కించుకున్నాను. చాలు తల్లీ" అని తాడు విప్పేసి, ఖాళీ పడవతోనే వెళ్ళిపోయాడు.

అక్కా, నా మొదటి ఉత్తరంలో ఆ పడవ సంగతి రాయలేదు. అప్పటికి అలాంటిదొకటుందని నాకే తెలియదు. నీకెలా తెలుసు?

పిచ్చుక

ఆదివారం

నా బంగారు తల్లీ,

ఆ పాపని నేనే.

అమ్మ జ్వరంతో పోయిందని నీకు చెప్పాం. నాన్న అలా చెప్పమన్నాడు. ముప్పై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను. నువ్వు పుట్టాక అమ్మ నిద్ర మానేసింది. నిన్ను చేతుల్లోంచి దించేది కాదు, ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ తెల్లారబెట్టేది. పిల్లకి దూరంగా నాలుగు రోజులు సముద్రపు గాలిలో ఉంటే కుదుటపడుతుందన్నాడు డాక్టరు. నీకప్పుడు పది నెలలు. నాన్నకి సెలవు దొరకలేదు. నిన్ను ఇంట్లో ఉంచేసి, ఏడేళ్ళ నన్ను తోడిచ్చి పంపారు.

పదకొండో నంబరు గది. మొదటి మూడు రోజులూ నా బతుకులోకెల్లా మంచివి, పిచ్చుకా. అమ్మ మొత్తం నాకే. నాలుగో రోజు ఆ పడవ ఎక్కాం. చేపల్ని చూడమని ఎంత పిలిచినా అమ్మ చూడదు. "పాప ఏం చేస్తోందో" అంటుంది. మళ్ళీ అదే. నాకు ఒళ్ళు మండింది. గాజు మీద వేలు పెట్టి, "అదిగో నీ పాప, కింద ఉంది" అన్నాను.

అమ్మ వంగి చూసింది. నవ్వింది. "అవునే" అంది. లేచి, మెట్టు దిగినట్టు నీళ్ళలోకి దిగిపోయింది.

దొరకలేదు. కాలుజారి పడిందని నాన్నకి చెప్పాను. నేనన్న మాట ఇప్పటికీ ఆయనకి తెలియదు. ఇప్పుడు నీది అమ్మ వయసు, అమ్మ ముఖం. నన్ను తిట్టడానికైనా సరే, ఇంటికి రా.

అక్క

బుధవారం

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. చదివి, కౌంటర్ పెద్దావిడ పక్కన కూర్చున్నాను. "నువ్వెవరివో తెలిసి కాదమ్మా. ఆ ముఖం చూడగానే చెయ్యి దానంతటదే ఆ తాళం మీదికి పోయింది. వడ్డించే ఆయనదీ అదే వరస" అంది.

తర్వాత పడవాయన దగ్గరికి వెళ్ళి, నువ్వు రాసింది చదివి వినిపించాను.

"ఆ పాప తనవల్లే అనుకుంటోందా?" అన్నాడు.

"ముప్పై ఏళ్ళుగా."

"గాజు కింద బిడ్డ ఉందని అబద్ధం చెప్పాననుకుంటోందా?"

"అవును."

ఆయన తెడ్డు పక్కన పెట్టాడు. "ఆ పాప వేలు పెట్టిన చోట నేనూ చూశాను తల్లీ. పసిపిల్ల ఉంది. కళ్ళు తెరుచుకునే ఉంది. చెబితే పిచ్చివాడంటారని పోలీసులకి చెప్పలేదు. ఆ రోజు నుంచీ అటు పడవ పోనివ్వలేదు."

అక్కడికే తీసుకెళ్ళమన్నాను. నువ్వు వద్దన్నావని మరిచిపోయి కాదు. నడి ఎండ, గాలి లేదు. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. చాలాసేపు ఇసుకే. తర్వాత నా ముఖం. గాజులో నీడ అనుకున్నాను. రెప్ప వేశాను. అది వేయలేదు. పక్కకి జరిగాను. అది జరగలేదు. నన్ను చూడటం లేదక్కా. నా భుజం మీదుగా పడవంతా వెతుకుతోంది, ఉండాల్సిన చోట ఎవరో లేనట్టు.

భయం వేయలేదని చెప్పను. అయినా గాజుకి దగ్గరగా వంగి అన్నాను: "అక్క ఇంట్లో ఉందమ్మా. నన్ను తనే పెంచింది. బాగానే ఉంది."

అప్పుడు నా వైపు చూసింది. ఒక్కసారి. ఆ తర్వాత ఇసుకే.

మీకేమైనా కనిపించిందా అని పడవాయన్ని అడిగాను. "ఈసారి చూడలేదు తల్లీ, కళ్ళు మూసుకున్నాను" అన్నాడు. కాబట్టి నా మాట తప్ప నీకు వేరే సాక్ష్యం లేదు.

నమ్మకపోతే పోనీ. ఇదైనా విను. అలిగిన పిల్ల అన్న మాటకి ఏ తల్లీ నీళ్ళలోకి దిగదు. పది నెలలు నిద్రలేని మనిషిని చంటిదాన్నుంచి విడదీసి, ఏడేళ్ళ పిల్లని కాపలా ఇచ్చి పంపింది పెద్దవాళ్ళు. ఆ బరువు నీది కాదు. రేపటి లాంచీకి వస్తున్నాను. నాన్నని నేను అడుగుతాను. నువ్వు నా పక్కన కూర్చో, చాలు.

నీ పిచ్చుక