రౌటర్‌కు తగిలించిన తోక

అమలాపురం, 2010 ఆగస్టు, ఆదివారం రాత్రి

మేడ మీద అద్దెకుంటున్న రత్నం మాస్టారు మధ్యాహ్నం కాఫీకి పిలిచారు. మా వైర్‌లెస్ పైకి ఎలా అందుతోందో చూద్దామని ఆయన లాప్‌టాప్‌లోకి తొంగిచూశాను. నెట్‌వర్క్ పేరు మా కులం పేరు! ఎప్పుడో నా పేరు చివరినుంచి నేను కోసి పారేసిన తోకను మా అబ్బాయి తెచ్చి రౌటర్‌కు తగిలించాడు. ఈ వీధిలో "మీరేవిట్లండీ?" అని కులం అడగకుండా ఒక దళిత మాస్టారికి ఇల్లిచ్చింది నేనొక్కణ్ణే. ఆ మనిషి రోజూ ఆ పేరు మీద నొక్కితేగాని నెట్ రాదు!

"ముందే చెప్పకపోయారా మాస్టారూ?"

"చెప్పడానికేముందండీ, ఇల్లు మీదండి. నెట్ బాగానే వస్తోందండి, ఆయ్," అని నవ్వేశారు.

కిందికి వచ్చి మావాణ్ణి నిలదీశాను.

"వీధిలో అందరూ అలాగే పెట్టేరు నాన్నా. నువ్వు పత్రికల్లో కులం నిర్మూలించుకో, రౌటర్ జోలికి రాకు."

చూస్తే నిజమే. వీధిలో ఉన్న నాలుగైదు కనెక్షన్లకీ కులాల పేర్లే. గాలిని కూడా పేటలుగా పంచుకున్న జాతికి సాంకేతిక విప్లవమట!

అరిచి, అప్పటికప్పుడే పేరు మార్పించాను. 'కొబ్బరాకు' అని పెట్టించాను. పేరు మారితే పాత కనెక్షన్ తెగిపోతుందని, పైన మళ్లీ కలుపుకోవాలని మావాడు ఇందాక భోజనాల దగ్గర చెప్పాడు.

అంటే మధ్యాహ్నం నుంచీ మాస్టారికి నెట్ లేదు. ఆ పేరు నా కంటపడిన రోజే తెగింది. కోపం వచ్చి నేనే కోసేశాననుకున్నారా? పైన లైటు వెలుగుతూనే ఉంది. ఆయన ఒక్కసారి కిందికి దిగి అడిగితే బాగుండును. అడగలేదు.

ఇల్లు మాది కదా.