మాత్రల డబ్బా అత్తయ్యగారి చేతికి

సోమవారం ఉదయం నా కాలేయంలో ఒక ముక్క కోసి నా కూతురికి అమరుస్తారు. దాని కాలేయం నిండా కేన్సరు పాకింది, మొత్తం తీసేయాలి. ఈ ఆపరేషనులో ముక్క ఇచ్చినవాళ్ళు పోవడం చాలా అరుదని డాక్టరమ్మ చెప్పింది. "అసలు జరగదని మాత్రం మాటివ్వలేనమ్మా" అని కూడా చెప్పింది. అందుకని ఈ వీలునామా ఇప్పుడే రాయాల్సి వస్తోంది.

నేను, ఇరవై ఏడేళ్ళ దాన్ని, దస్తావేజులు రాసే ఆఫీసులో టైపిస్టుని, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా ఇది రాస్తున్నాను. ఇతరుల వీలునామాల్లో "స్థిరచిత్తంతో" అని ఎన్నోసార్లు టైపు చేశాను. ఇవాళ ఆ మాట వేయలేకపోతున్నాను. తెలివి స్థిరంగానే ఉంది, రాసిన లైనే మళ్ళీ మళ్ళీ కొట్టేసి రాస్తున్నాను. భయపడుతూ రాస్తే చెల్లుతుందా అని మా లేఖరిగారిని అడిగాను. "భయం లేనివాళ్ళు మన గడప ఎందుకు తొక్కుతారమ్మా?" అన్నారు.

1. ఈ వీలునామాను అమలు జరిపించే బాధ్యత సదరు లేఖరిగారిది. ఆయనకి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. నా కుర్చీలోకి వచ్చే అమ్మాయిని మొదటి నెలలోనే కసరవద్దని మాత్రం మనవి.

2. నా బ్యాంకు ఖాతా, మెడలో గొలుసు, కుట్టుమిషను నా కూతురికి చెందుతాయి. అది మేజరయ్యేవరకు మావారు సంరక్షకులుగా ఉంటారు. పాపకి నయమైందన్న సంతోషంలో వీటిలో ఏదీ ఎవరికీ ఇచ్చేయకూడదు.

3. మా నాన్న గోదాములో బస్తాలు మోసి నన్ను చదివించాడు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేను. పదో తరగతి పాసైనప్పుడు ఆయన కొనిచ్చిన పెన్ను తిరిగి ఆయనకే చెందుతుంది. రాయడం రాదు కదా అని పెట్టెలో దాచకూడదు. "జేబులో పెన్నుంటే నన్ను గుమాస్తా అనుకుంటారే" అనేవాడు. అనుకోనీ నాన్నా. ఇది చిన్న ఆపరేషనని ఆయనకి చెప్పాం. నేను తిరిగి రాకపోతే, మావారు వెళ్ళి పక్కన కూర్చుని చెప్పాలి. ఫోనులో చెప్పకూడదు.

4. నా ఆకుపచ్చ గొడుగు మా ఆడపడుచుకి చెందుతుంది. తనకి ఎప్పటినుంచో దాని మీద కన్ను. కానీ దీని వెనక ఒక సంగతి ఉంది, అది రాయకుండా వదిలేయలేను.

మా అత్తవారింట్లో ఒక నియమం ఉంది. దేవుణ్ణి అడిగింది దొరికాక, అదే విషయంలో మళ్ళీ చెయ్యి చాపకూడదు. కృతజ్ఞత చెప్పి ఊరుకోవాలి. మళ్ళీ అడిగితే ఆయన ఇచ్చినదాన్ని నమ్మనట్టు. పోయిన ఏడాది మొదటి విడత మందులకే పాప పొట్టలో గడ్డ బాగా తగ్గింది. స్కానింగు చూసి ఇంటిల్లిపాదీ మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చాం, కృతజ్ఞత చెప్పాం. ఆ మర్నాటినుంచి ఆస్పత్రి మానేశాం. మందు ఇంకా పూర్తి కాలేదని డాక్టరమ్మ ఫోను చేస్తే, మావారు "దేవుడు బాగుచేశాడండీ" అని పెట్టేశారు. నేను చాటుగా ఆస్పత్రికి ఫోను చేయబోతుంటే ఆడపడుచు వచ్చింది. "నమ్మకం ఉన్నవాళ్ళు చేసే పనేనా వదినా ఇది? నీ అనుమానమే పిల్లకి తగులుతుంది చూడు" అంది. ఆ వేసవంతా పాప గంతులేసింది. చలికాలం వచ్చేసరికి పొట్ట మళ్ళీ ఉబ్బింది.

ఆమె మాట మరిచిపోయానని రాస్తే ఇది దొంగ దస్తావేజు అవుతుంది. కానీ పాపకి జుట్టు రాలిపోయినప్పుడు దువ్వెన దాచేసి, "దువ్వెన సెలవు పెట్టి వాళ్ళమ్మమ్మగారింటికి వెళ్ళిందే" అని దాన్ని కడుపుబ్బ నవ్వించింది కూడా ఆమే. గొడుగు మనస్ఫూర్తిగా ఇస్తున్నాను.

5. ఎర్ర ఫ్లాస్కు మావారికి. ఆయన స్కూలు వ్యాను నడుపుతారు. పాపకి జబ్బు తిరగబెట్టినప్పటినుంచి ప్రార్థనకి కూర్చోరు. అందరూ లోపల ఉంటే ఆయన వ్యానులో కూర్చుంటారు. ఆయన్ని ఎవరూ చెయ్యి పట్టి లాక్కురాకూడదు. స్టీరింగు మీద తలపెట్టి పెదాలు కదపడం కిటికీలోంచి నేను చూశాను. ఆయన కూడా అడుగుతూనే ఉన్నారు.

6. మా బుడంకాయకి, అంటే నా ఐదేళ్ళ కూతురికి, నా కాలేయంలో ముక్క. ఇది దానం. రద్దు చేసే హక్కు నాకు గాని నా వారసులకు గాని ఉండదు. మొన్న నా చెవి దగ్గరికి వచ్చి, "అమ్మా, నీకు కాకరకాయ ఇష్టం కదా. నీ ముక్క పెడితే నాకూ ఇష్టమైపోతుందా?" అని అడిగింది. అంత పెద్ద ఆపరేషనులో దాని భయం అదొక్కటే. దానికి కాకరకాయ ఎవరూ బలవంతంగా పెట్టకూడదని ఇందుమూలంగా ఆదేశిస్తున్నాను.

7. మాత్రల డబ్బా మా అత్తయ్యగారికి చెందుతుంది. ఈ అంశం నా చావు కోసం ఆగకూడదు. ఆవిడకి చదువు రాదు కాబట్టి మావారు ఈ సాయంత్రమే చదివి వినిపించాలి. మధ్యలో ఎక్కడా ఆపకూడదు.

అత్తయ్యగారూ, నేను కాగితాలు ముందేసుకుని కూర్చుంటే "ఈ రాతకోతలేంటే అమ్మాయ్, చావుని పేరు పెట్టి పిలుస్తావా?" అన్నారు. పిలవడం లేదండీ. వస్తే ఏం చేయాలో చెబుతున్నాను.

ఆపరేషను అయ్యాక పాపకి ఒక మాత్ర ఇస్తారు. అది అమ్మ ముక్క అని దాని ఒంటికి తెలియదట. ఎవడో దొంగ జొరబడ్డాడనుకుని మీద పడుతుందట. ఒంటిని ఊరుకోబెట్టేది ఆ మాత్రే. పొద్దునా సాయంత్రం, రోజూ వేయాలి. డాక్టరు ఆపమనేదాకా వేయాలి. ఆపమని ఎప్పటికీ అనకపోవచ్చు.

చావంటే నాకు భయమే. కానీ నన్ను వణికిస్తున్నది అది కాదు. నేను పోయాక పాప బుగ్గలు నిండుతాయి. బడికి వెళ్తుంది. ఒకరోజు గుమ్మంలో అది పరుగెత్తడం చూసి మీ మనసు కరిగిపోతుంది. అందరూ కూర్చుని కృతజ్ఞత చెబుతారు. మర్నాడు మాత్ర వేయరు. నా భయమంతా ఆ సంతోషపు రోజే.

డబ్బా మావారికి అప్పగించమని లేఖరిగారు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఈ ఇంట్లో ఒక్కరోజు కూడా తప్పని పని ఏదంటే, అది మీ ప్రార్థన. జ్వరమొస్తే గోడకి ఆనుకుని చేశారు. మామయ్యగారు పోయిన రోజు కూడా చేశారు. అందుకే డబ్బా మీ చేతికి. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మాత్ర వేసి, అది మింగాకే ప్రార్థన మొదలుపెట్టండి. సాయంత్రం కూడా అంతే.

మీ నియమాన్ని కొట్టిపారేయడం లేదు. మళ్ళీ చెయ్యి చాపడం వేరు, ఇచ్చినదాన్ని రోజూ అందుకోవడం వేరు. అన్నం దొరికిందని కృతజ్ఞత చెప్పి, మర్నాడు పొయ్యి వెలిగించడం మానలేదు కదా మీరు? నేనూ దేవుణ్ణి అడుగుతున్నాను. మీలా గట్టిగా అడగడం రాదు, భయపడుతూ అడుగుతున్నాను.

8. నేను బతికి ఇంటికి వస్తే ఈ వీలునామా రద్దవుతుంది, ఏడో అంశం తప్ప.

తేదీ: పద్నాలుగు, గురువారం.

సంతకం: బుడంకాయ వాళ్ళమ్మ, టైపిస్టు

సాక్షులు:
1. ఆఫీసులో నా పక్క సీటు టైపిస్టు
2. మా కింది వాటాలో ఉండే దర్జీ

అత్తయ్యగారూ, డబ్బా మీకే చెందుతోంది కాబట్టి మీరు సాక్షిగా ఉండటానికి వీల్లేదు. కాగితం మీద జవాబు కూడా అడగను. ప్రార్థనలో మీరు అబద్ధమాడరని నాకు తెలుసు. అందుకని పదహారో తారీఖు, శనివారం పొద్దుటి ప్రార్థనలో, పాపని తలుచుకున్నాక, మాత్ర రోజూ వేస్తారో లేదో కూడా దేవుడితో పైకి చెప్పండి. నేను వంటింట్లో కుళాయి కట్టేసి, తలుపు పక్కన నిలబడి వింటాను. ఆదివారం తెల్లవారకముందే ఆస్పత్రికి బయల్దేరాలి. మీ జవాబు శనివారం దాటనివ్వకండి.