లాయం గోడలో రెండు కన్నాలు

అల్ ఖౌద్,
శుక్రవారం

తమ్ముడు జయరాముడికి పెద్దక్క దీవెనలు. స్వామి దయ వల్ల నేను ఈ అరబ్బుల ఇంట్లో తిరుగుతూ పని చేసుకుంటూ ఉన్నాను. నువ్వు, రమణి, పిల్లలు చల్లగా ఉండాలని రెండు పూటలా దండం పెట్టుకుంటున్నాను. ఫోన్లో చెప్పబోయి రెండుసార్లు మానుకున్నా. అందుకే రాస్తున్నా.

నువ్వు ఇక్కడున్నప్పటి ఒక పొద్దున ఊరికే గుర్తొస్తాంది. విశేషమేమీ లేదు ఆ పొద్దున. పాలు కాచి, వాకిలి కడిగి, నీకు టీ తెచ్చినాను. నువ్వు లాయంలో గోడకు పూత పూస్తా నిచ్చెన మీద ఉన్నావు, మోచేతుల దాకా సున్నం. బూడిదరంగు గుర్రం నీ తువ్వాలు నములుతా ఉంది. "ఈ దొరసానికి టిఫిను నా తువ్వాలేక్కా" అన్నావు. టీ తాగుతా గోడలు చూపించినావు. ఈ ఇంటి ముత్తాతల నాటి మట్టిగోడలు, మూరెడు మందం. పైన ఖర్జూరపు మొద్దుల కప్పు. సముద్రపు గాలి తగిలే దిక్కుకు వంపు వాకిళ్లు. కప్పు కింద పిడికిలి పట్టేంత కన్నాలు.

"గుర్రాలు రాత్రంతా విడిచే ఊపిరి ఈ కన్నాల్లోంచే బయటికి పోవాల. ఇవి మూసినామంటే గోడ చెమరుస్తాది. కట్టినోడు మనకంటే తెలివైనోడు" అన్నావు. నేను గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయినాను.

గుర్రాలు చూసే మన రాయచోటి రియాజ్ సెలవు నుంచి వస్తా నీ ఉత్తరం తెచ్చిచ్చినాడు. గుర్రం ఈనిందా అని అడిగినావు. ఈనింది, ఆడపిల్ల, తల్లి రంగే. నా మోకాళ్లు పరవాలేదు. పెచ్చు ఊడిన గోడ అట్లే ఉంది, ఇంకా ఎవరూ ముట్టలేదు.

చివర ఒక మాట రాసినావు. సున్నం కలపడంలో ఎక్కడ తప్పినావో తెలియడం లేదనీ, మళ్లీ తాపీ పట్టే ధైర్యం చాలడం లేదనీ, ఇప్పుడు ఇటుకలు మోస్తున్నాననీ. అది నాలుగుసార్లు చదివినాను.

నువ్వు తప్పలేదు నాయనా. తప్పు నాది.

ఇంట్లో దీపం పెట్టుకునే చోటు లేదని నీకు తెలుసు. నీ పూత ముగిసిన వారానికి, లాయం చివర ఖాళీ అరలో, గూట్లో పటం పెట్టుకున్నా. గాలికి దీపం నిలవలేదు. మేతతొట్టి మీదికెక్కి, ఆ మూలకున్న రెండు కన్నాల్లో నా పాత చీర ముక్కలు కుక్కినాను. నువ్వు చెప్పింది గుర్తుంది. అరగంటే కదా అనుకున్నా. తరువాత రోజూ ఎక్కి దిగలేక వదిలేసినాను. చలికాలమంతా అట్లే. పూత ఉబ్బి, గుర్రం పక్కనే పెచ్చు ఊడిపడింది.

ఈ ఇంటి కొడుకు అబ్దుల్ వహాబ్ నిన్ను పని చేతగానోడివని పంపించేసినాడు. బండెక్కే ముందు నువ్వు ఆ గోడను అరచేత్తో తడిమినావు. నేను పక్కనే ఉన్నా. గడ్డి ఉన్న చోట నిప్పు పెట్టినానని తెలిస్తే పని పోతుందని నోరు మెదపలేదు. నువ్వు పోయినాక గుడ్డలు తీసి పెట్టెలో దాచినాను. ఏడు నెలలు ఆ పెట్టె పక్కనే కూర్చుని జపం చేసినాను.

నిన్న ఆ గుడ్డలు తీసుకుపోయి, మేము మామా అని పిలిచే ఈ ఇంటి పెద్దామె ముందు పెట్టి, జరిగింది చెప్పినాను. ఆమె ఒక ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది.

"ఇన్నాళ్లు నీ దేవుడు నిన్ను అడగలేదా?" అంది.

"అడిగినాడు మామా. నేనే పలకలేదు" అన్నాను.

సాయంత్రం ఇంటివాళ్లంతా కూర్చున్నారు. నన్ను తలుపు దగ్గర నిలబెట్టినారు. అబ్దుల్ వహాబ్ వెంటనే పంపించేద్దామన్నాడు. మామా ఒప్పుకోలేదు. చివరికి అనుకున్నది ఇది. లాయంలో ఇక దీపం ఉండకూడదు. వీసా గడువు తీరేదాకా నేను ఉండి, తరువాత వెళ్లిపోవాలి. నీ పనిలో లోపం లేదని ఈ ఉత్తరం అందినాక వచ్చే ఆదివారం అబ్దుల్ వహాబే నీకు ఫోన్ చేసి చెప్పాలి, మళ్లీ రమ్మని అడగాలి. వచ్చేది రానిది నీ ఇష్టం. నీ జవాబు తెలిసేదాకా ఆ గోడ మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు.

ఇట్లు,
నీ పెద్దక్క
గురవమ్మ