చిట్లిన పూత

బావమరిదికి,

నీ మీద ఏళ్ల తరబడి కడుపులో పెట్టుకున్న కోపం ఇది. బట్టీలోంచి గిన్నెల్ని వేడివేడిగా తీసి, పైన గాజు పూత అందం కోసం సన్నగా చిట్లేలా నేను చేస్తుంటే, కొనేవాళ్ల ముందు "మా బావ క్రేజీ" అని నవ్వావు. ఆ రోజు నుంచి మీ అక్క ఆ గిన్నె ఒక్కటి కూడా వంటింట్లోకి రానివ్వలేదు. వీధిలో పిల్లలకు నేను క్రేజీ తాతనే.

నిన్న ఇంగ్లీషు పంతులమ్మ వచ్చి ఒక గిన్నెను తిప్పి తిప్పి చూసింది. నువ్వన్న మాట చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"తాతగారూ, ఆ మాటకు మొదటి అర్థం పగుళ్లు పడినది అని. మతి చెడిన మనిషిని అలా అనడం తర్వాత వచ్చింది. పూత ఇలా చిట్లితే ఇప్పటికీ దాదాపు ఆ మాటే, క్రేజింగ్ అంటారు" అంది. బడిలో చూపిస్తానని ఉన్న గిన్నెలన్నీ కొనుక్కుపోయింది.

విన్నావా? ఆ మాట ముందు నా గిన్నెది. నా బుర్రకు దాన్ని అంటగట్టింది నువ్వు. ఇదంతా నేను చెబితే మీ అక్క నమ్మదు, తమ్ముడు చెబితే నమ్ముతుంది. వచ్చి మీ అక్క ఎదుట నీ నోటితో చెప్పు. వస్తావో రావో ఆదివారం లోపల నాకు జవాబు అందాలి.

మీ అక్క మొగుడు