ఎర్ర లైట్ల టోపీ

మరిది గారికి,

చెల్లికి జుట్టు మొలుస్తుందని మీరు పంపిన ఎర్ర లైట్ల టోపీ అప్పుడే అందింది. "విచారణ నాటికి జుట్టొచ్చేస్తుంది, ఇక కేసెందుకు వదినా?" అని ఫోనులో ఎంత ముద్దుగా అన్నారు! చెల్లి ఆర్నెల్లుగా దాన్ని రోజూ పెట్టుకుంది. మీ మీద ప్రేమతో కాదు, అద్దంలో తన ముఖం తను చూసుకోవాలని.

నిన్న చర్మం డాక్టరమ్మ చూసింది. "నిద్రపోయిన కుదుళ్లలో కణాలను ఈ వెలుతురు లేపుతుందమ్మా. చర్మంతో సహా ఊడొచ్చిన చోట కుదురే లేదు. అక్కడ లేవడానికి ఎవరున్నారు?" అంది.

జుట్టు పట్టి వంటింట్లోంచి వీధి దాకా ఈడ్చావు. కోపంలో చెయ్యి జారిందా? జారిన చేతిలోకి గుప్పెడు జుట్టు, దాని చివర నెత్తుటి చర్మం ఎలా వచ్చాయిరా? మీ వాళ్లు దాన్ని సంసారమన్నారు. నేను హత్యాయత్నమంటున్నాను.

నీ టోపీ బాగానే పనిచేసింది. బెంగతో రాలిన జుట్టంతా ఒత్తుగా మొలిచింది. దాని మధ్యలో నీ పిడికిలంత మచ్చ ఇప్పుడు ఎంత దూరం నుంచైనా కనబడుతోంది. టోపీ తిప్పి పంపుతున్నాను.

విచారణకు చెల్లి తల మీద గుడ్డ కప్పుకోదు. "తల నేనే వంచుతానక్కా, జడ్జి గారు బాగా చూడాలి" అంటోంది.

ఇట్లు,
దాని అక్క